వెనక్కి నడిచే పిల్ల

చిరంజీవి అమ్మాయికి మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నీ కూతురూ బాగానే ఉన్నాం. ఆ బాగు ఏపాటిదో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోనులో నేను సగం చెప్పేలోగా నువ్వు అందుకుంటావు, నేను అసలు సంగతి మింగేస్తాను. కాగితమైతే మధ్యలో మాట్లాడదు. నాలుగో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకుని చదువుకో.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. పిల్ల వేళకి తింటోందా అన్నది మొదటిది. తినదు. కెమెరా సంచిలో నేను పెట్టిన డబ్బా పెట్టినట్టే ఇంటికి తిరిగొస్తుంది. అడిగితే "వెలుతురు పోతుంది అమ్మమ్మా" అంటుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మంచి వెలుతురట, ఆ తర్వాత వచ్చేది పనికిరాదట. ఇన్నేళ్లూ ఏ వెలుతురైనా ఒకటే అనుకుని బతికేశాను.

పత్రిక కోసం అది తీసే బట్టల ఫోటోల్లో నిలబడే అమ్మాయిలు ఎలాంటివాళ్లు అన్నది రెండోది. మంచివాళ్లే పాపం. ఒకతి దీపస్తంభమంత ఉంటుంది, నేను పొడుగు పిల్ల అంటాను. ముందునుంచి చూస్తే మహారాణి, వెనకనుంచి చూస్తే బట్టలారేసిన తీగ. గౌను వదులైతే కుట్టరు, వీపు మీద ఏడెనిమిది క్లిప్పులు పెట్టి బిగిస్తారు. మొన్న మండే ఎండలో దానికి ఉన్ని కోటు తొడిగారు. పత్రిక చలికాలంలో వస్తుంది కాబట్టి ఇప్పుడే తీయాలట. "చెమటలు కారుతున్నాయి తల్లీ, విప్పెయ్యి" అన్నాను. "ఇప్పుడు నాకు చలేస్తోంది బామ్మగారూ" అని ఆ ఎండలోనే గడగడ వణికి చూపించింది. వీళ్లతో నేనేం వేగను.

రోడ్డు మీద పిల్ల వెనక ఎవరైనా ఉంటున్నారా అన్నది మూడోది. నువ్వు ఆ మాట ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు, అడగాలి కూడా. పత్రికవాళ్లకి ఫోటో చూడగానే ఇది ఫలానా ఊరని తెలియాలట. అందుకని గడియార స్తంభం కావాలి. గడియారం పైకొన మొదలుకొని అమ్మాయి చెప్పుల దాకా ఒకే ఫోటోలో పట్టాలి. పట్టాలంటే నీ కూతురు వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లాలి. వెనకున్నది నడిరోడ్డు. "ఆ గోడ దగ్గర నిలబెట్టి తియ్యవే, గోడ శుభ్రంగా ఉంది" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "గోడ ఏ ఊళ్లోనైనా ఉంటుంది అమ్మమ్మా" అంది. ఒక కన్ను మూసుకుని, రెండోది కెమెరాకి అంటించి, ఎదురుగా వస్తున్న అమ్మాయిని చూస్తూ తను వెనక్కి నడుస్తుంది. చుట్టూ బస్సులు, స్కూటర్లు, తోపుడుబళ్లు. దాని వీపు మీద చెయ్యి వేసి ఆగు, రా, కుడికి జరుగు అని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. ఎవరినో పెట్టుకుంటానంటే నేనే ఒప్పుకోలేదు. పరాయివాళ్ల ధ్యాస ఎక్కడుంటుందో ఎవరు చూశారు. "నేనున్నాను, నువ్వు గుండె మీద చెయ్యేసుకుని పడుకో" అని నీకు రాశాను.

ఆ రాసిన మాటే నన్ను తినేస్తోంది అమ్మాయీ.

మొన్న గురువారం పొద్దున గడియారం దగ్గర పని. పొడుగు పిల్ల పసుప్పచ్చ గౌనులో నడిచి వస్తోంది. నేను కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. "ఖాళీయే, రా" అన్నాను. నీ కూతురు రెండడుగులు వెనక్కి వేసింది. పొడుగు పిల్ల ఒక్క కేక పెట్టి పరుగెత్తుకొచ్చి దీని చొక్కా పట్టుకుని ముందుకి లాగింది. ఎడమవైపు నుంచి వచ్చిన బస్సు మాకు జానెడు దూరంలో కీచుమని ఆగింది.

నీ కూతురు అగ్గి మీద గుగ్గిలమైంది. డ్రైవరు బస్సు దిగాడు.

"మనుషులు కనబడటం లేదా నీకు?" అని ఇది.

"మెల్లగానే వస్తున్నానమ్మా. ఆ పెద్దావిడ నాకేసే చూస్తోంది. చూసింది కదా, మిమ్మల్ని ఆపుతుందిలే అనుకున్నాను."

"బాగుంది, తప్పు మా అమ్మమ్మ మీద పెడతావా? చూస్తే ఆపదా?"

ఇంటికొచ్చి నీ కూతురు ఆ డ్రైవరు మీద ఫిర్యాదు రాసింది, బస్సు నంబరుతో సహా. అడుగున సాక్షి అని రాసి, "ఇక్కడ సంతకం పెట్టు అమ్మమ్మా" అని కలం నా చేతికిచ్చింది.

డ్రైవరు చెప్పింది నిజం. నేను అతనికేసే చూశాను. నాకు బస్సు కనబడలేదు. నాలుగు నెలల నుంచి నా ఎడమకన్ను ఆవిరి పట్టిన అద్దంలా ఉంది, కుడిది అంత పక్కకి అందదు. పాలు పోస్తే గ్లాసు పక్కన పడుతున్నాయి. చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతారు, అప్పుడు దాని వెనక ఎవరుంటారు అని దాచాను. ఊళ్లో ఎవరినీ నమ్మనిదాన్ని, ఆ కన్నుని నమ్మి నీ బిడ్డని బస్సు ముందుకి పిలిచాను.

కలం కింద పెట్టి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. "వంతెన మీద, స్టేషన్ ముందు, మార్కెట్‌లో, అన్నిచోట్లా నువ్వు రా అంటేనే వచ్చాను అమ్మమ్మా" అంది. అంతే. కాగితం చింపేసింది. కంటి డాక్టరు దగ్గర సోమవారానికి సమయం తీసుకుంది. మర్నాడు బస్సు ఆగే చోట కాచుకుని ఆ డ్రైవరుకి క్షమాపణ చెప్పి వచ్చిందట, పొడుగు పిల్ల చెప్పింది. నాతో మాత్రం రోజూ వేసుకునే బీపీ మాత్ర వేసుకున్నావా అన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

ఆ ఫోటో ఇంకా కుదరలేదట, వచ్చే వారమంతా మళ్లీ గడియారం దగ్గరే. నన్ను రావద్దంది. రానులే, మరి నీ వెనక ఎవరుంటారే అని అడిగితే వినబడనట్టు బయటికి వెళ్లిపోయింది. నువ్వు నన్ను తిట్టాల్సినవి తర్వాత తీరిగ్గా తిట్టు, పడతాను. ముందు దానికి ఫోన్ చేసి ఆ మనిషెవరో కనుక్కో. ఎవరైనా సరే, రెండు కళ్లూ బాగా కనిపిస్తాయో లేదో అడుగు.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా రాసిన
మీ అమ్మ