సాంచలు ఆగాక

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలంతా వెళ్లాక ఇది రాస్తున్నాను.

రెండు నెలల కిందట మన సాంచలు రెండూ అమ్మేశాను. ఆ మరమగ్గాల చప్పుడులో మనింట్లో ఎవరినీ నోటితో పిలిచే అలవాటే లేదు కదా. దగ్గరికి వెళ్లి భుజం తట్టేవాళ్లం. మన మూడేళ్ల చిన్ని పిలిస్తే తిరిగి చూడదని అందుకే మనకు తెలియలేదు. ఇల్లు సద్దుమణిగాక తెలిసింది.

చప్పుడుకు చెవులు పోయాయేమోనని కరీంనగర్ తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "చెవులు మంచిగనే ఉన్నయమ్మా. పిలిస్తే సూస్తలేదు, గావాల్సింది ఏలుతోని సూపెడ్తలేదు. ఆటిజం గావచ్చు, ఇంకా సూడాలె. భయపడకు, ఇప్పటినుంచే నేర్పియ్యాలె" అంది.

మీ అవ్వకు చెప్పాను. "నా కొడుకు సుత లేటుగనే మాట్లాడిండు, ఫికర్ చెయ్యకు" అని లోపలికి వెళ్లిపోయింది. అది నిజమో, నీ మీది బెంగో తెలుసుకుందామంటే నువ్వు లేవు.

పక్కింటి సాంచ మొదలైతే మాత్రం చిన్ని ఉరికి వెళ్లి గోడకు చెంప ఆనించి నిలబడుతుంది. ఆ సమయంలో నేను పిలవను.

డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ ఎదురుగా కూర్చుని పేరు పెట్టి పిలుస్తున్నాను. ఇవాళ దాన్ని పిలిచాక నిన్నూ పిలిచాను. పెళ్లయ్యాక నీ పేరు పైకి పలకడం ఇదే మొదటిసారి.

ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.