నీలం బిళ్ల, ఎర్ర బిళ్ల

నాన్నకు,

నేను క్షేమం అని రాయాలి, కానీ అబద్ధమవుతుంది. శుక్రవారం వైవా, మాస్టార్ల ముందు నోటి పరీక్ష. అది దాటితేనే కాలేజీలో నా సీటు నిలుస్తుంది. ఒకటే పాఠం వల్లె వేస్తున్నాను: నక్షత్రం రంగు చూసి దాని వేడి చెప్పవచ్చు. ఎర్రగా ఉన్నవి తక్కిన వాటికంటే చల్లన, మన సూర్యుడిలాంటివి మధ్యరకం, నీలంగా మెరిసేవి అన్నిటికంటే వేడి.

నీ కూతురు

తా.క. అమ్మకు మాత్రం చెప్పకు.

బంగారుతల్లికి,

చెప్పేది మీ నాన్న, రాసేది పక్కింటి దర్జీ మామయ్య. నీలం వేడేమిటే? బుద్ధెరిగినప్పటి నుంచీ కుళాయిలే బిగిస్తున్నా. కుళాయి మీద ఎర్ర బిళ్ల ఉంటే వేడినీళ్లు, నీలం బిళ్ల ఉంటే చన్నీళ్లు. పెద్దవాళ్ల ముందు తలకిందులుగా చెప్పి సీటు పోగొట్టుకోకు.

మీ నాన్న

తా.క. మీ అమ్మకు మేం చెప్పలేదు, తనే తలుపు చాటునుంచి వింది. ఇప్పుడు ముగ్గురం భయపడుతున్నాం. – దర్జీ

నాన్నా,

కుళాయి రంగులు మనుషులు పెట్టుకున్నవి. కొలిమిలో ఇనుము చూడు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత పసుపు, ఇంకా కాలితే తెలుపు. నక్షత్రం అంతకు మించి కాలితే నీలానికి తిరుగుతుంది. నీలమే వేడి. నువ్వు కూడా నమ్మకపోతే అక్కడ వాళ్లనెలా నమ్మిస్తాను?

నీ కూతురు

తా.క. మామయ్యా, ఈ ముక్క నాన్నకు రెండుసార్లు చదివి వినిపించండి.

బంగారుతల్లికి,

నాలుగుసార్లు చదివించుకున్నా. మనింట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే, నిన్ను కాక ఎవర్ని నమ్ముతా? ఇక్కడి కొత్త లాడ్జిలో అన్ని గదుల బిళ్లలూ మార్చేశా. ఇకనుంచి నీలమే వేడి. ఎందుకని ఓనరు అడిగితే, మా అమ్మాయి చదివి చెప్పిందన్నా. సరేనన్నాడు. ధైర్యంగా వెళ్లు.

మీ నాన్న

తా.క. ఓనరు సరేనన్నది స్నానానికి ముందు. అలవాటుగా నీలం తిప్పి, ఇప్పుడు కాలిన వీపుకి మందు రాయించుకుంటూ నీ కాలేజీ పేరు అడుగుతున్నాడు. నువ్వు గెలిచావని కబురొచ్చేదాకా బిళ్లలు ముట్టుకోనివ్వనని మీ నాన్న లాడ్జి మెట్లమీద బైఠాయించాడు. – దర్జీ

నాన్నా!

నీ ఉత్తరం వైవా గుమ్మంలో అందింది. చదివి లోపలికి వెళ్లాను. పెద్ద మాస్టారి మొదటి ప్రశ్నే, "ఎరుపా, నీలమా? ఏది వేడమ్మా?"

కళ్ల ముందు లాడ్జి నిండా జనం, అందరి చేతులూ నీలం బిళ్ల మీదే. "ఎరుపే వేడి! నీలం చల్లన! మార్చెయ్ నాన్నా, ఇప్పుడే మార్చెయ్!" అని అరిచేశాను.

తర్వాత ఏడుస్తూనే నక్షత్రాల సంగతంతా సరిగ్గా చెప్పాను. కుళాయిల సంగతి చెప్పడానికి మాత్రం సిగ్గేసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "ఆలోచించాలి. నాలుగు రోజులు సెలవు మీద వెళ్తున్నా, వచ్చాక చెప్తా" అన్నారు.

నీ కూతురు

తా.క. ఆయన సెలవుకు వచ్చేది మన ఊరికే. ఆ కొత్త లాడ్జిలోనే గది తీసుకున్నారట. ఈ ఉత్తరమూ ఆయనా ఒకే బస్సులో వస్తున్నారు. ఆయన తువ్వాలు అందుకునేలోగా మెట్లమీంచి లే నాన్నా!