శుభ్రంగా ఉన్న ఫిలిం మీద ఫిర్యాదు

విశాఖపట్నం, 11-8-2003

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, మల్కాపురం కాపురస్థుడు, మరపడవ కళాసీ దాలయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా తమ్ముడు అర్జునరావును ఎక్స్‌రే చూసి చంపిన వైద్యాధికారి గున్నేశ్వరరావు గారిని శిక్షించుట గురించి, తమ్ముడి భార్య కాశమ్మకు క్షయ మందు వెంటనే ఇప్పించుట గురించి.

1. పోయిన ఏడు నేనూ తమ్ముడూ ఒకేసారి దగ్గుతో పడ్డాము. సదరు డాక్టరు గారు చూసే రేవువీధి ఛాతీ వైద్యశాలలో ఒకేరోజు ఫిలిం తీయించుకొన్నాము. నా కుడి ఊపిరితిత్తి పైభాగాన పెద్ద గుంట కనబడినది. కఫంలో క్షయ తేలినది. మందు ఇచ్చిరి, మింగి బాగుపడితిని.

2. తమ్ముడికి హెచ్.ఐ.వి. ఉన్న సంగతి సదరు డాక్టరు గారికి తెలియును. ఎంత బాగా తెలియునంటే, వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా అరిచి మరీ చెప్పినారు. అటుపిమ్మట వాని ఛాతీ మీద గొట్టం పెట్టలేదు, మెడలో గడ్డను తాకలేదు, కఫం డబ్బీ ఇవ్వలేదు. ఫిలింను కిటికీకేసి పట్టి, "శుభ్రంగా ఉంది. మీ అన్నది చూడు, అదీ క్షయంటే. నువ్వు పో" అన్నారు.

"బాబూ, రేత్రి దుప్పటంతా తడిసిపోతంది, కూడు సయించట్లేదు" అని తమ్ముడు బతిమాలాడు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే మాట.

3. ఆఖరికి భుజాన వేసుకొని పెద్దాసుపత్రికి తీసుకొనిపోతిని. అక్కడి డాక్టరమ్మ చాంద్ సుల్తానా గారు మెడ గడ్డలో సూది గుచ్చి పరీక్ష చేయించి, క్షయ అని తేల్చినారు. హెచ్.ఐ.వి. ముదిరినవారికి జబ్బుతో పోరాడే బలం చాలక ఊపిరితిత్తిలో గుంటలు పడకపోవచ్చుననీ, మచ్చలు కిందిభాగాన రావచ్చుననీ, ఒక్కోసారి ఫిలిం మామూలుగానే ఉండుననీ, అది చూసి క్షయ లేదనరాదనీ చెప్పినారు. మందు మొదలుపెట్టిన వారంలోపే తమ్ముడు పోయాడు. ఇది ఎక్కడి న్యాయమండీ?

4. ఇప్పుడు కాశమ్మ దగ్గుతున్నది. ఆమెకూ హెచ్.ఐ.వి. ఉన్నది. ఫిలిం మళ్ళీ శుభ్రమే. డాక్టరమ్మ గారు పరీక్ష చేయించి క్షయ అని కాగితం రాసి ఇచ్చినారు. అయితే మా వీధివారికి మందు రేవువీధిలోనే ఇవ్వాలట, దానికి సదరు డాక్టరు గారి సంతకం కావాలట. ఆయనేమో, "పెద్దాసుపత్రి మాట నాకెందుకు? ఫిలిం నాకు కనబడటం లేదా?" అంటున్నారు.

5. నాకు పరిహారం వద్దు. డాక్టరు గారి గదిలో ఫిలింలు చూసే లైటుపెట్టె మీద నా తమ్ముడి ఫిలింను బిగించి, ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాని ఎదుటనే కూర్చోబెట్టవలెను. ఆయనకు తిండి సహించకూడదు, నిద్ర పట్టకూడదు. ఇంతకు తక్కువైతే నేను ఒప్పుకోను.

ఇది చదివి పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు (తమకు మాత్రమే),
దాలయ్య

తా.క.: పైది ఇంటికాడ రాసింది. ఇది రేవువీధి ఆసుపత్రి వరండాలో రాస్తన్నాను బాబూ. పొద్దున్న సంతకం అడిగితే డాక్టరు మళ్ళీ పొమ్మన్నాడు. ఫిలింలు కడిగే చీకటిగదిలోకి ఆడు ఎళ్ళగానే బయట తాళం ఏసేసినాను. తలుపు బాదుతన్నాడు. బాదనీ. సాయంత్రం దాకా ఉంచుదావనుకున్నాను. కాశమ్మ దగ్గుకుంటా వచ్చి నా సెయ్యి పట్టుకుంది.

"తాళం తియ్యి బావా. ఆయనకేటైనా అయితే నా కాయితం మీద సంతకం ఎవులు పెడతారు?" అంటంది.

తీస్తన్నాను. ఇంక రాయలేను బాబూ, ఈ కలమే ఆడి సేతికి ఇవ్వాలి.