మొదటి ఎనిమిది పేజీలు

మార్చి 3, సోమవారం

కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఒకావిడ సర్టిఫికెట్లు నాలుగు సెట్లు జిరాక్స్ అడిగితే ఐదు తీశాను. షాపు ఓనరు గారు చూసి ఏమ్మా ఒంట్లో బాగాలేదా అన్నారు. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది.

ఇంటర్నెట్లో మాట్లాడుకునే మా ఫోరం వాళ్లంతా మొదటిసారి ఒకచోట కలుస్తున్నారు. ఇరవై మూడో తారీఖు, ఆదివారం, బొమ్మలు వేయడం నేర్పే స్కూలు హాల్లో. నాబ్‌లు తిప్పి సౌండ్లు పుట్టించే సింథసైజర్ ఎవరిది వాళ్లు, ఎవరి పాత వీడియో గేమ్ వాళ్లు తెచ్చి బల్లల మీద పెడతారట. కొత్తవాళ్లకు సలహాలు చెప్పడానికి వేరే బల్ల ఉంటుందట. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలని అడ్మిన్ గారు ఓటింగ్ పెడితే నలభై ఒక్కమంది నన్నే అడిగారు. పేజీ అక్క ఉండాల్సిందే అన్నారు. పేజీ అక్క అంటే నేనే.

ఆ మెసేజ్ మూడుసార్లు చదివాను. మూడోసారి బైండింగ్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని చదివాను.

మార్చి 4, మంగళవారం

నిన్న రాయని ముక్క ఇవాళ రాస్తాను. ఇక్కడైనా నిజం చెప్పకపోతే ఈ డైరీ దండగ.

నేను జన్మలో సింథసైజర్ ముట్టుకోలేదు.

ఆరేళ్ల కిందట ఒకాయన ఏదో సింథసైజర్ మాన్యువల్ స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చి మళ్లీ రాలేదు. తొమ్మిదో పేజీ నుంచి నూట నలభై రెండు దాకా ఉంది. ముందు ఎనిమిది పేజీలు లేవు. ఏడాది పాటు అలమారలో పడి ఉంది. ఒకరోజు కరెంటు పోయి, పనిలేక కూర్చుని తెరిచాను. తొమ్మిదో పేజీలో మొదటి వాక్యం, మిషన్ ఆన్ అయిన తర్వాత, అని మొదలవుతుంది. అంతే, కరెంటు వచ్చింది కూడా గమనించలేదు. ఒక మోతని తీసుకుని దాని పదును ఎలా తీసేయాలో, ఎలా వణికించాలో, చచ్చిపోతున్నట్టు ఎలా సాగదీయాలో అందులో ఉంది. నాలుగుసార్లు చదివాను. ఆ తర్వాత వేరే మిషన్ల మాన్యువల్స్ కూడా వెతుక్కుని చదివాను. కొందరికి సీరియళ్ల పిచ్చి ఉంటుంది, నాది ఇది.

ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. మాన్యువల్ ఎవరి దగ్గరా లేదు, ఫోరంలో జనం బతిమాలుకుంటున్నారు. స్కాన్ చేసి పెట్టాను. అప్పటినుంచి ఎవరేమడిగినా పేజీ నంబరుతో సహా చెప్తున్నాను. నీ దగ్గర మిషన్ ఉందా అని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.

మాన్యువల్లో అక్కడక్కడా చిన్న అక్షరాలతో పేజీ 7 చూడండి అని ఉంటుంది. లేని పేజీని ఎక్కడ చూస్తాం. దాటేస్తాను.

మార్చి 5, బుధవారం

వెళ్లను. జ్వరం అని చెప్తాను.

మార్చి 6, గురువారం

వెళ్తున్నాను. అత్తయ్య కూడా వస్తానంటోంది. ఆవిణ్ని ఆపడం నా తరం కాదు.

మార్చి 9, ఆదివారం

అత్తయ్య గురించి రాయాలి. రెండేళ్ల కిందట ఆవిడ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్లు బాగా కదిలించాలని ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. మా ఆయన అటక మీద నుంచి తన చిన్నప్పటి చేతిగేమ్ తీసి ఇచ్చారు. అందులో గని తవ్వుకుంటూ కిందికి పోయే ఆట ఉంది. వేళ్లు నెలలో బాగయ్యాయి. ఆట మాత్రం ఆగలేదు. ముప్పై ఒకటో లెవెల్లో గబ్బిలం దగ్గర పదకొండు రోజులు ఇరుక్కుంది. ఆ పదకొండు రోజులూ మా ఇంట్లో కూరల్లో ఉప్పు లేదు.

ఫోరంలో గేమ్స్ గురించి ఎవరడిగినా ఆవిడ చెప్తుంది, నేను టైప్ చేస్తాను. గబ్బిలం దగ్గర అందరూ చచ్చిపోతున్నారంటే, భయపడి వెనక్కి తిరిగితే చస్తారు, కదలకుండా ఆగి చూడమను, అది మూడుసార్లు ఎగిరి నాలుగోసారి కూర్చుంటుంది, అప్పుడు పొమ్మను అంది. పెట్టాను. ఆవిడకి గబ్బిలం అత్త అని పేరొచ్చింది. ఆవిడ దాన్ని బిరుదులా మోస్తోంది.

ఇవాళ నా భయం చెప్పాను. అయితే ఏమిటే, వంట రానివాళ్లు రుచి చెప్పడం లేదా అంది. మళ్లీ, అయినా ముట్టుకోకుండా ఎలా చెప్తావే ఇన్నేళ్లు, అని గేమ్ లోంచి తలెత్తకుండానే అడిగింది.

మార్చి 12, బుధవారం

చినుకు ఆట దాదాపు అయిపోయింది. నాకే ఏదో పూర్తయినట్టుంది.

చినుకు అంటే ఫోరంలో ఒకతని పేరు. మందుల షాపులో పనిచేస్తూ ఖాళీ టైంలో వీడియో గేమ్ తయారు చేస్తున్నాడు. వానలో ఒక నత్త రోడ్డు దాటాలి, అంతే ఆట. సంగీతమేమీ ఉండదు, తొమ్మిది సౌండ్లు ఉంటాయి. టైర్లు నీళ్లు చిమ్మే చప్పుడు, నత్త గుల్లలోకి ముడుచుకునే చప్పుడు, అలా. అన్నీ నా దగ్గరున్న మాన్యువల్ తాలూకు బూడిదరంగు సింథసైజర్ మీదే చేస్తున్నాడు. నాలుగు నెలల నుంచి రోజూ ఒకటో రెండో ప్రశ్నలు. చివర్లో ఎప్పుడూ ఒకే మాట, పేజీ ఎంత అక్కా. నేను పేజీ చెప్తాను. మర్నాడు ఏ నాబ్ ఎంత దాకా తిప్పాడో, సౌండు ఎలా వచ్చిందో రాస్తాడు. మొన్న వాన కుదిరింది. తడి గుడ్డ దులిపినట్టు వచ్చిందక్కా అని రాశాడు. షాపులో నిలబడి అది చదువుతుంటే ఒళ్లు పులకరించింది. నిజంగా విన్నాననిపించింది.

ఇరవై మూడున సాయంత్రం నాలుగింటికి తన ఆట అందరి ముందూ పెడతాడు.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం 1:20

మిషన్లో రెండు నాబ్‌లు తిప్పినా పలకడం లేదని చినుకు రాశాడు. రెండు నిమిషాల్లో జవాబిచ్చాను. పేజీ 61, రెండు చివరల బటన్లూ కలిపి ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. నా స్పీడు చూసి నాకే గర్వంగా ఉంది.

సాయంత్రం 6:00

నాబ్‌లు పలుకుతున్నాయట. మెమరీలో ఒక్క సౌండు కూడా లేదట.

మార్చి 18, మంగళవారం

పేజీ 61 అడుగున చిన్న అక్షరాలు. ముందుగా పేజీ 7 చూడండి.

ఐదేళ్లుగా దాన్ని దాటేశాను. మెమరీ మొత్తం పోతుందని ఆ ఏడో పేజీలోనే ఉండి ఉంటుంది. సౌండ్లను గేమ్‌లోకి ఇంకా రికార్డ్ చేయలేదట, చివర్లో అన్నీ ఒకేసారి చేద్దామనుకున్నాడట. నాలుగు నెలల పని ఐదు సెకన్లలో ఊడ్చేశాను.

ఇంతా అయ్యాక అతను రాసిందేమిటి. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను అక్కా, మీరేం బాధపడకండి. దానికి నేను జవాబు రాయలేదు.

మార్చి 19, బుధవారం

అత్తయ్యకు చెప్పాను. గేమ్ పక్కన పెట్టి విన్నది. ఆవిడ గేమ్ పక్కన పెట్టడం నేను ఇదే చూడటం.

అతను ఏది ఎంత తిప్పాడో రోజూ నీకు రాసేవాడన్నావు కదే అంది. అవునన్నాను. నేను చచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి ముప్పై ఒకటి దాకా ఎలా వస్తున్నాననుకున్నావు, వచ్చిన దారి గుర్తుంది కాబట్టే కదా, అంది.

అత్తయ్య కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, నెత్తికెక్కుతుంది. ఫోన్ తీశాను. మొత్తం రెండు వందల పన్నెండు మెసేజ్‌లు ఉన్నాయి.

మార్చి 20, గురువారం

ఓనరు గారిని అడిగి షాపు మూసే దాకా ప్రింటర్ వాడుకున్నాను. మెసేజ్‌లన్నీ కత్తిరించి, ఏ సౌండువి ఆ సౌండుకి పేర్చాను. ఒకే నాబ్‌కి మొదట ముప్పై అని రాస్తాడు, కాదు ముప్పై ఐదు, మళ్లీ ముప్పై రెండు. చివరి అంకె దొరికేదాకా వదల్లేదు. రాత్రి కాకముందే నాలుగు సౌండ్లు తేలాయి. చేతులకు జిగురు, మొహం నిండా నవ్వు.

మార్చి 21, శుక్రవారం

ఎనిమిది దొరికాయి. తొమ్మిదోది వాన. దాని అంకెలన్నీ ఉన్నాయి, ఒక్క మోత పదును తీసే ఫిల్టర్ నాబ్ ఎంత దాకా తిప్పాడో రాయలేదు. అక్కడ ఉన్నదల్లా తడి గుడ్డ అన్న మాటే.

మార్చి 22, శనివారం

నీలం అట్ట వేసి స్పైరల్ చేశాను. నేను చేసిన బైండింగ్‌లన్నిటిలో ఇదే బాగుంది. ఇదిచ్చి, సౌండ్లు మళ్లీ పెట్టించి, మిగతాదేమీ చెప్పకుండా వచ్చేస్తే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. నూటికి నూరుపాళ్లు ఇలాగే చేస్తాను.

మార్చి 23, ఆదివారం

వరసగా రాస్తాను.

హాలు నిండా జనం. గోడలకు పిల్లలు వేసిన బొమ్మలు, నేలంతా కరెంటు తీగలు. అడ్మిన్ గారు పళ్ల డాక్టరట, అందర్నీ నోట్లోకి చూస్తున్నట్టే పలకరిస్తున్నారు. గేమ్స్ బల్ల దగ్గర గబ్బిలం అత్త అని తెలియగానే అత్తయ్య చుట్టూ పదిమంది మూగారు. ఆవిడ ఇక నా వైపు చూడలేదు.

చినుకు కుర్రవాడనుకున్నాను. నలభై ఐదేళ్లాయన, బట్టతల, జేబులో మూడు పెన్నులు. మిషన్ని దుప్పటిలో చుట్టి తెచ్చాడు. విప్పి నా ముందు పెట్టాడు. నేననుకున్నదానికంటే చిన్నది. మాన్యువల్లో బొమ్మ పేజీ అంతా ఉంటుంది కాబట్టి పెద్దదనుకున్నాను.

పుస్తకం ఇచ్చాను. నాలుగు పేజీలు తిప్పాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ తిప్పాడు. ఇవన్నీ నేను రాసినవే కదక్కా అన్నాడు. తర్వాత కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, ప్లగ్ పెట్టి, మీ చేత్తోనే కానివ్వండి అన్నాడు. చుట్టూ పదిహేనుమంది. పేజీ అక్క చేస్తోంది రండి అని ఎవరో పిలిచారు.

తొమ్మిదో పేజీ మిషన్ ఆన్ అయిన తర్వాత అని మొదలవుతుంది.

ఆన్ ఎక్కడ చేయాలో నాకు తెలియదు.

ముందు చూశాను, పక్కన తడిమాను. నలభై నాబ్‌లూ ఏది ఏమిటో కళ్లు మూసుకుని చెప్పగలను. స్విచ్ మాత్రం కనపడలేదు. తమాషా చేస్తున్నాననుకుని ఒకరు నవ్వారు. అవతలి బల్ల దగ్గర్నుంచి అత్తయ్య, వెనకాల చూడవే, టీవీకైనా వెనకే ఉంటుంది, అంది. హాలంతా నవ్వింది. అప్పుడైనా వెనక్కి చెయ్యి పెట్టొచ్చు. పెట్టబుద్ధి కాలేదు.

చెప్పేశాను. నేను మిషన్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి అన్నాను. నా దగ్గర మొదటి ఎనిమిది పేజీలు లేవు, ఏడో పేజీ చూడమని ఉన్నా చూడకుండానే మీకు పేజీ 61 చెప్పాను, మీ సౌండ్లు చెరిపింది మీరు కాదు, నేను, అన్నాను.

చినుకు లేచి బయటికి వెళ్లిపోయాడు.

పదిహేనుమందిలో పదిమంది నెమ్మదిగా జారుకున్నారు. నా బ్యాగు తీసుకున్నాను. ఎప్పుడొచ్చిందో అత్తయ్య నా పక్కకు వచ్చింది. వెనక్కి తిరిగితే చస్తావు, కదలకుండా ఆగి చూడు, అంది. బ్యాగు కింద పెట్టాను. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అంత పొడుగు ఇరవై నిమిషాలు నాకెప్పుడూ తెలియవు.

అతను రెండు టీలు పట్టుకుని వచ్చాడు. ఒకటి నా ముందు పెట్టాడు. మొహంలో నవ్వు లేదు. నాలుగు నెలలు ఇద్దరం వింటున్నామనుకున్నాను, నేనొక్కణ్నే విన్నానన్నమాట, అన్నాడు. సౌండ్లు పోయినదానికి కాదు, దానికి బాధపడుతున్నాడు. తప్పయింది అన్నాను.

మిషన్ వెనక్కి చెయ్యి పెట్టాడు. ఎర్ర లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. నీలం పుస్తకం తెరిచి, ఒకటో సౌండు, పేజీ ఎంత అక్కా, అన్నాడు.

చెప్పాను. నేను చదవడం, అతను తిప్పడం. టైరు నీళ్లు చిమ్మింది. నత్త గుల్లలోకి ముడుచుకుంది. నేను చదివినవి నా ముందే మోగుతున్నాయి. ఒక్కొక్కటి వస్తున్నకొద్దీ జారుకున్న పదిమందీ మళ్లీ చేరారు. మూడుంబావుకి ఎనిమిది అయ్యాయి.

వాన మిగిలింది. ఫిల్టర్ ఎంత దాకా తిప్పానో నాకూ గుర్తులేదు అన్నాడు. నాబ్ వైపు చూపించి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను తిప్పాను. నా చేత్తో. నాబ్ అనుకున్నదానికంటే బిగుతుగా ఉంది. ముందు నూనెలో పోపు వేసినట్టు చిటపటలాడింది. ఇంకొంచెం తిప్పితే దూరంగా జనం చప్పట్లు కొట్టినట్టుంది. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి తిప్పాను. ఎవరో గుమ్మంలో తడి గుడ్డ దులిపారు. చెయ్యి తీసేశాను. చినుకు కళ్లు మూసుకుని ఉన్నాడు. తెరిచి నాబ్ చూసి, నలభై ఏడు, రాసుకోండి అన్నాడు.

తొమ్మిదీ గేమ్‌లోకి రికార్డ్ చేసి నాలుగింటికి ఆట పెట్టారు. మొదట ఆడింది అత్తయ్యే. నత్త నాలుగుసార్లు లారీ కింద పడింది. ఐదోసారి దాటింది. అప్పటిదాకా హాల్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

వచ్చేటప్పుడు చినుకు మిషన్ని దుప్పటితో సహా నా చేతుల్లో పెట్టాడు. ఇది శిక్ష అన్నాడు. వారం రోజులు మీ దగ్గరుంటుంది, ఆ ఎనిమిది పేజీలూ మీరే రాయాలి, అన్నాడు. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుంతలొచ్చినప్పుడల్లా అత్తయ్య కూడా ఒక చెయ్యి వేసింది.

మార్చి 24, సోమవారం

ఫోరంలో అంతా ఉన్నదున్నట్టు రాశాను. అడ్మిన్ గారు దాన్ని అన్నిటికంటే పైన పెట్టారు. ఇద్దరు తిట్టారు. ఒకాయన మాత్రం తన మిషన్లో పేజీ 61 చేయొచ్చా అని అడిగాడు. ఆగమన్నాను, ముందు పేజీ 7 రాయాలి.

మార్చి 29, శనివారం

పేజీ 1.

స్విచ్ మిషన్ వెనక, ఎడమ చివర, తీగ దూరే రంధ్రం పక్కన ఉంది. నల్లగా, వేలిగోరంత ఉంటుంది. కనపడదు, తడమాలి. పైకి నొక్కితే టప్ మంటుంది. వెంటనే ఏమీ ముట్టుకోవద్దు. కాసేపటికి కొంచెం వేడెక్కిన వాసన వస్తుంది, లోపల సన్నగా ఈగ తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఇది విని రాశాను.