ఒంటిగంటకు మోటారు

జనవరి 18
పెరియకుళం నుంచి చెన్నకేశవన్ మామ ఫోన్. మామిడితోటలో మోటారు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ దానంతటదే ఆన్ అయిందట. వరసగా మూడోరోజు. ఇప్పుడు నీళ్ళు పడితే పూత రాలిపోయి చిగురు వేస్తుంది, ఏడాది కాపు పోయినట్టే. రోజూ పరుగెత్తి ఆపుతున్నాడు. ఫోన్ చేస్తే మోటారు వేసే ఆ పెట్టె నేను చేసిందే. ఆదివారం లోపల సరిచేయకపోతే పీకి పారేస్తానన్నాడు. పారేస్తాడు కూడా.

జనవరి 19
ఎవరు ఫోన్ చేశారో పెట్టె రాసిపెట్టుకునేలా చేయాల్సింది. బద్ధకించాను. ఇప్పుడు సింగానల్లూరు ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న పెట్టెకి, ప్రోగ్రాంలో తప్పు వెతికే డీబగ్గర్ తగిలించాలి. సెటప్ ఫైల్లో అడ్రస్ రాశాను, పోర్ట్ రాశాను. కనెక్షన్ రెఫ్యూజ్డ్. పగలంతా అదే.

జనవరి 20
కనెక్ట్ అయింది. మోటారు వేసే లైన్ పక్కన బ్రేక్‌పాయింట్ పెట్టాను. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగాలి. ఎర్రచుక్క రాలేదు, బూడిదరంగు సున్నా వచ్చింది, అంటే పెట్టెలో ఉన్న కోడూ నా దగ్గరున్నదీ ఒకటి కావు. దీపావళికి తోటలో కూర్చుని కోడ్ మార్చాను, లాప్‌టాప్‌లోకి తెచ్చుకోలేదు. నా తెలివి ఇంతే.

ఎప్పుడూ తోటలోనే ఉండే తాత పోయిన వారం కంటి ఆపరేషన్ అయ్యి మా ఇంట్లోనే ఉన్నాడు. ఇక్కడి గాలికి వాసనే లేదంటాడు. అన్నం తిన్నాక కళ్ళు మూసుకుని బటన్ ఫోన్ చెవికి పెట్టుకుంటాడు. పాటలు వింటాడేమో.

జనవరి 21, ఉదయం
పెట్టెలోని కోడ్ లాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాను. ఎర్రచుక్క. దాన్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ తోటలోకి కొండమీంచి మబ్బు దిగి ఉంటుంది. పూతంతా తేనెటీగలు. నిద్రపోయానో లేదో తెలీదు.

మధ్యాహ్నం 1.10
ఆగింది. లైన్ పసుపైంది. ఎవరి కాల్ అని చూశాను. తాత నంబరు.

తలెత్తాను. హాల్లో తాత, ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని. ప్రోగ్రాం నేను ఆపేశాను కాబట్టి అక్కడ కాల్ ఎత్తేవాళ్ళు లేరు. తాత ఓపిగ్గా వింటూనే ఉన్నాడు. ఇల్లంతా ఆ లైన్ దగ్గరే ఆగిపోయినట్టుంది. కంటిన్యూ నొక్కడానికి చెయ్యి రాలేదు.

దీపావళికి పెట్టెలో మైకు పెట్టి, ఫోన్ చేస్తే తోట వినపడుతుందని తాతకి చెప్పింది నేనే. పాత లైన్ తీయడం మర్చిపోయాను. తాత నంబరు మోగితే మోటారు వేయమనే లైన్.

అడిగితే, చిలకలు వచ్చాయా అని వింటున్నానన్నాడు. మోటారు మోత వినపడుతూనే ఉందట, పూతమీద నీళ్ళు పెట్టే చెన్నకేశవన్‌కి బుద్ధి లేదని తమిళంలో తిట్టాడు. ఆ మోటారు వేస్తోంది తన ఫోనేనని అప్పుడు చెప్పాను. ఫోన్ నా చేతిలో పెట్టి ఇక చేయనన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

జనవరి 22
ఒక్క లైన్ తీశాను. ఆ నంబరుకి ఇక మైకు మాత్రమే. తప్పు నాదని మామకి చెప్పాను. అంచు చెట్లు కొంచెం రాలాయి, మిగతా పూత నిలిచింది, పెట్టె ఉండనీ అన్నాడు. తాత ఫోన్ ఛార్జ్ చేసి తలగడ పక్కన పెట్టాను. వద్దన్నాడు.

జనవరి 25, 1.12
తాత గది తలుపు వేసి ఉంది. నేనూ తోటకి ఫోన్ చేశాను. ఎంగేజ్డ్.