బొమ్మను ముట్టను

సోమవారం, ఉదయం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త శపథం!

ఈ రోజు నుంచి ఏ డాక్యుమెంటులోనూ ఏ బొమ్మనూ మౌసుతో ముట్టుకోను. లాగను, సాగదీయను, మూల పట్టుకుని ఈడ్వను. అంతా మాక్రో చేస్తుంది. చేయాల్సిన పనులు ఒకసారి రాసిపెడితే, మీట నొక్కగానే కంప్యూటర్ తనంతట తానే చేసుకుపోతుంది. దీన్ని పుస్తకాల్లో 'స్వయంచాలకం' అంటారు. ఎంత మంచి మాట! పైకి అంటుంటే చక్రం తిరిగినట్టుంది. స్వయంచాలకం. స్వయంచాలకం.

అమ్మ వంటింట్లోంచి, "పొద్దున్నే ఎవర్నే తిడుతున్నావ్?" అంది.

ఇదంతా పిన్ని కోసం. పిన్ని టైలరు. కుట్టు నేర్పే పుస్తకం రాసింది. వీధి చివర లైబ్రరీ మేడ మీది గదిలో క్లాసు పెట్టాలని ఆశ. లైబ్రేరియన్ గారిది ఒకటే షరతు: పుస్తకం ఉంటేనే గది. ఆదివారానికి అది ఆయన బల్ల మీద ఉండాలి. లేకపోతే గది చదరంగం వాళ్లకు.

ప్రింటు షాపు అన్న పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని నెల రోజులు తయారుచేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది. వందకు పైగా బొమ్మలు! ఒకటి ఇంత, ఒకటి అంత. కాలరు బొమ్మయితే గీత దాటి మార్జిన్‌లోకి తొంగిచూస్తోంది. నాకు చేతులు దురద పెట్టాయి.

"పిన్నీ, నాకివ్వు. చిటికెలో చేసేస్తా."

"చిటికెలో అయ్యేవి మా పనిలో ఉండవే, పండితురాలా."

మాక్రోకు పేరు దొరికింది. చిటికె!

మంగళవారం, కాలేజీ నుంచి రాగానే

చిటికె పుట్టింది!

అది చేసేవి: అన్ని బొమ్మలకూ ఒకే వెడల్పు. పేజీ మధ్యకు. చుట్టూ సన్నగీత. కింద వరుస నంబరు.

మీట నొక్కాను. బొమ్మలన్నీ ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా సర్దుకున్నాయి. మార్జిన్‌లోకి తొంగిచూసే కాలరు బుద్ధిగా లోపలికి వచ్చింది. చప్పట్లు కొట్టుకున్నాను. మళ్లీ నొక్కాను, ఊరికే, ఆనందం పట్టలేక. సేవ్ చేసి మూసేశాను.

టీ తర్వాత

రెండోసారి నొక్కకూడదట. ప్రతి బొమ్మ కిందా రెండేసి నంబర్లు.

కూర్చుని ఒక్కొక్కటే చెరిపాను. కానీ బాణం మీటలతో. మౌసు జోలికి పోలేదు. శపథం పదిలం.

బుధవారం, సాయంత్రం

'బొమ్మ 1', 'బొమ్మ 2'. పెద్దవాళ్ల పుస్తకంలో ఈ పసిమాట ఏమిటి? 'చిత్రం' అంటే ఎంత హుందాగా ఉంటుంది! చిటికెకు ఇంకో వాక్యం నేర్పాను. ఎక్కడ 'బొమ్మ' కనిపించినా 'చిత్రం' చెయ్యి.

చేసింది. ఒక్కటీ వదల్లేదు. నాకంటే దానికే శ్రద్ధ ఎక్కువ.

గురువారం, పిన్ని దుకాణం

ప్రింటు తీసి గర్వంగా చేతిలో పెట్టాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

"కుట్టడం అయ్యాక చొక్కాను చిత్రంకు తొడిగి చూడండి. చిత్రం మెడకు సరిపోతే..." ఆగింది. "చిత్రానికి చొక్కా ఎలా తొడుగుతారే?"

అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని మిషను పక్కన, చేతులూ తలా లేకుండా, ఎప్పుడూ ఎవరిదో ఒకరి చొక్కా వేసుకుని ఒక మొండెం నిలబడి ఉంటుంది. దాన్ని పిన్ని బొమ్మ అంటుంది. నా చిన్నప్పటి నుంచీ.

"ఇంకా ఉంది, విను. 'చిత్రం నడుముకు గుండుసూదులు గుచ్చండి.' గుచ్చమంటావా, పండితురాలా?"

నవ్వీ నవ్వీ పిన్నికి ఎక్కిళ్లు వచ్చాయి. నేను మాత్రం నవ్వలేదు. కాసేపటికి నవ్వాను.

'చిత్రం' అన్న చోటల్లా మళ్లీ 'బొమ్మ' అని మార్చాను. వాటిలో రెండు మౌసుతో. కానీ అవి అక్షరాలు, బొమ్మలు కావు. కాబట్టి లెక్కలోకి రావు.

శుక్రవారం, సాయంత్రం

పిన్ని పరీక్ష పెట్టింది. "కుట్టు రాని మనిషి చదివి కుట్టగలగాలి. నీ అంత రాని మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. సగం కాలరు బొమ్మ మీద పల్చటి కాగితం వేసి గీశాను. గుడ్డ మడత మీద పెట్టి కత్తిరించాను. విప్పి ఇచ్చాను. పిన్ని దాన్ని బొమ్మ మెడకు పెట్టింది. సగం మెడ కూడా చుట్టలేదు.

"ఇది కాలరా, చేతి గడియారం పట్టీయా?"

"పుస్తకంలో ఉన్నదే కత్తిరించాను పిన్నీ."

పిన్ని నవ్వుతూనే పేజీ మీద టేపు పెట్టింది. నవ్వు ఆగిపోయింది. తర్వాతి పేజీ. జేబు. ఆ తర్వాతిది. గుండీ కాజా.

"అన్నిటినీ ఒకే వెడల్పు చేసేశావే. ఇవి చూడ్డానికి కాదు, కత్తిరించడానికి. ఉన్నదున్నట్టు ఉండాలి. అందుకేగా ఆ అబ్బాయి పక్కన నెల్లాళ్లు టేపు పట్టుకుని కూర్చున్నది!"

అందుకా ఆ కాలరు మార్జిన్‌లోకి వచ్చింది!

ప్రింటు షాపు అన్నకు ఫోన్ చేశాను. పాత ఫైలు ఉందా?

"పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే ఫైలమ్మా. నా దగ్గర వేరేది లేదు."

దాని మీదే నేను సేవ్ చేశాను.

పిన్ని తిట్టలేదు. గుడ్డముక్కలు ఏరుకుంటూ, "చదరంగం వాళ్లు వచ్చి గది కొలుచుకుని వెళ్లారట. పోన్లే, ఇక్కడే నేర్పుతా" అంది. ఆ దుకాణంలో పిన్ని, మిషను, బొమ్మ ఉంటే నాలుగో మనిషి నిలబడటానికి చోటుండదు.

స్వయంచాలకం. ఈ రోజు నాకూ అది తిట్టులాగే వినిపించింది.

శనివారం, ఉదయం

పిన్ని తన కాగితపు కొలతలన్నీ మూటగట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె చేతిలో టేపు, నా చేతిలో మౌసు.

"ఏడున్నర."

"పెట్టాను."

"ఏడుంబావు పెట్టావు. నాకు కనపడదనుకున్నావా?"

గమనిక: పిన్ని వీటిని చూసే బొమ్మలు కావంది. కాబట్టి నేను ముట్టుకుంటున్నవి కొలతలు. బొమ్మను ఇంకా ముట్టలేదు.

భోజనాల వేళ

బొమ్మలనూ ముట్టుకున్నాను. లాగాను. సాగదీశాను. మూల పట్టుకుని ఈడ్చాను. పిన్ని కత్తెర ఫోటోను, దారపు ఉండల ఫోటోను, ఎందుకుందో తెలియని పిల్లి ఫోటోను కూడా.

"పిల్లి ఎందుకు పిన్నీ?"

"అందంగా ఉంటుందని."

సాయంత్రం

కాలరు మళ్లీ మార్జిన్‌లోకి తొంగిచూసింది. ఇంత సంతోషం మంగళవారం కూడా కలగలేదు. ప్రింటు షాపు అన్న షట్టరు సగం దించి మా కోసం ఆగాడు.

ఆదివారం, ఉదయం

లైబ్రేరియన్ గారు సరిగ్గా ఆ పేజీనే తెరిచారు.

"ఏమ్మా, ఈ బొమ్మ మార్జిన్ దాటిందేంటి?"

"అది ఉన్నదున్నట్టు సార్!" అని పిన్ని కంటే ముందు నేనే అరిచాను. లైబ్రరీలో అందరూ తలలెత్తారు.

పిన్ని ఆ పేజీని ఆయన చొక్కా కాలరు పక్కన పెట్టింది. మెడ వెనక నుంచి గుండీ దాకా సరిపోయింది. ఆయన గడ్డం పైకెత్తి, కదలకుండా, "మా వెనక గది చదరంగానికి చాలులే" అని, సొరుగులోంచి తాళంచెవి తీశారు.

ఆదివారం, సాయంత్రం

పిన్ని రెండో పుస్తకం మొదలుపెట్టింది. పిల్లల గౌన్లు. బొమ్మలు దీనికి రెట్టింపు!

శపథం: ఈ రోజు నుంచి ఏ బొమ్మనూ మౌసుతో ముట్టుకోను. చిటికెకు కొత్త వాక్యం నేర్పాను. కింద 'ఉన్నదున్నట్టు' అని రాసి ఉంటే, ఆ బొమ్మ జోలికి పోకు. ఈ మాట ఏ నిఘంటువులోంచీ ఏరలేదు. పిన్ని నోట్లోంచి వచ్చింది. స్వయంచాలకం కంటే బాగుంది.

మీట మీద వేలు పెట్టాను.

పిన్ని నా భుజం మీంచి వంగి, "ముందు కాపీ తీశావా?" అంది.

"తీశాను పిన్నీ."

వేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాను. కాపీ ఇప్పుడు తీస్తున్నాను.