తూర్పు గోడ తూము

అరకులోయ,
22-4-2003, మంగళవారం.

చిరంజీవి స్వర్ణకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ తాతా క్షేమం. మీ తాత నడుం నొప్పి అంటున్నాడు కాని అది జబ్బు కాదు, శిక్ష. ఎందుకో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది. నీ పరీక్షలు ముగిసేదాకా ఇది రాయకూడదనుకున్నాను. నిన్నటితో అయిపోయాయి కనుక రాస్తున్నాను.

నువ్వు పదకొండో తేదీన వేసిన ఉత్తరం పదహారున అందింది. నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోది ఆఖరున.

మొదటిది. మన చైత్రమాసపు వేట పండుగ, ఇటుకల పండుగ రోజున, వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద మన ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారని చెబితే, నీ హాస్టలు స్నేహితురాళ్ళు పడీ పడీ నవ్వారని, ఇది నిజంగా ఆచారమేనా అని అడిగారని రాశావు. ఆచారమే. మా అమ్మ పోసింది, నేను పోశాను. పొద్దున్న గొప్పలు చెప్పి విల్లు పట్టుకుని పోయినవాడు సాయంత్రం కుందేలైనా లేకుండా వస్తే, వాడికి తలంటు పోయడం న్యాయమే. నవ్వితే నవ్వనీ.

రెండోది. నా అక్షరాలు ఈ మధ్య మరీ కుడివైపుకు ఒరిగిపోతున్నాయని, చూపు తగ్గిందా అని అడిగావు. చూపు బాగానే ఉంది. ఒరిగింది మణికట్టు. 1994 జులై 19న మన స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ తరవాత సర్వీసు చివరి రెండేళ్ళూ బోర్డు మీద నా అక్షరాలు కొండ దిగుతున్న మేకల్లా ఉండేవి. ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాల పిల్లలకు దస్తూరి నేర్పినదాన్ని, వెనక బెంచీలో ఆడపిల్లలు నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే వినపడనట్టు నిలబడ్డాను. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. దానికి కారణమైనవాణ్ణి అసలే మరవలేదు.

మూడోది. ఈ వయసులో మీరిద్దరే స్నానాలగది గచ్చు పగలగొట్టుకోవడమేమిటి, మేస్త్రీని పెట్టుకోకూడదా అని కోప్పడ్డావు. మేస్త్రీ దొరకడమ్మా. ఈ చుట్టుపక్కల ముగ్గురున్నారు. ముగ్గురినీ అడిగాను. ముగ్గురూ, "నీకో దండం, నీ గోలీకో దండం పంతులమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ గోలీ సంగతి నీకు తెలుసు. అప్పటికి నీకు పదేళ్ళు.

అప్పన్న మేస్త్రీ ఆ గదిని 1994 జూన్ 6న మొదలుపెట్టి 14న ముగించాడు. నాలుగున్నర అడుగులకు అయిదున్నర. తూర్పుకు వాటం ఉండాలని, నీళ్ళు తూర్పు గోడ తూములోంచి పల్లానికి పోవాలని నేనే గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి బడికి పోయాను. ముగించాక చూస్తే తూర్పున తూమే లేదు. వంటింటి గడప పక్క మూలలో ఉంది! అక్కడ బయట నేల ఎత్తు, నీరు దిగదు. నిలిచిన నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వచ్చేవి. గదిలో పాచి పట్టింది. ముప్పై అయిదో రోజున నేను జారాను.

కట్టు విప్పిన రోజునే అప్పన్నను పిలిపించాను. ఊళ్ళో ఆడవాళ్ళనూ పిలిచాను. తూర్పు గోడ దగ్గర ఒక గోలీ పెట్టి వదిలాను. అది దొర్లుకుంటూ వంటింటి గడపకు ఠక్కున తగిలింది.

"ఇదేనా నీ పనితనం? నీళ్ళు నా పొయ్యిలోకి పంపుతావా?" అన్నాను.

అప్పన్న అటూ ఇటూ చూసి తల దించుకున్నాడు. "తప్పయిపోనాది పంతులమ్మా," అన్నాడు. అంతే. ఎందుకలా కట్టాడో చెప్పలేదు. వాడి మౌనాన్ని పొగరనుకున్నాను. అప్పటికప్పుడు పిల్లలకు పాట కట్టి నేర్పాను:

గోలీ మేస్త్రీ, గోలీ మేస్త్రీ, నీళ్ళెటు పోతాయి?
వంటింట్లోకి, వంటింట్లోకి, గంజి తాగడానికి!

నువ్వూ పాడావు, గుర్తుందా? అందరికన్నా నీ గొంతే పెద్దది. సంతకు వస్తే సంతలో, పెళ్ళికి వస్తే పెళ్ళిలో వాడికి అదే పేరు. నేను విని తృప్తి పడేదాన్ని. ఆ గచ్చును తొమ్మిదేళ్ళు బాగు చేయించలేదు. సాక్ష్యాన్ని ఎవరైనా చెరుపుకుంటారా? గడపకు గోనెసంచి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని స్నానం చేశాను కాని దాన్ని ముట్టనివ్వలేదు.

మొన్న వానాకాలంలో మీ తాత కూడా అక్కడే జారి ఆసుపత్రిలో పడ్డాడు. అప్పుడు నిర్ణయించుకున్నాను. ఆ గదిని నా చేతులతో సరిచేస్తాను, ఇటుకల పండుగ లోపల ముగిస్తాను. పండుగ రోజున అప్పన్న వేట నుంచి వస్తాడు. వాడు జన్మలో ఉడుతను కూడా కొట్టలేదు. పేడనీళ్ళు ఒక కుండెడు పోసి, ఆ తడి బట్టలతోనే మన గదికి తీసుకొచ్చి, వాడి చేతే గోలీ వదిలించాలి. అరవై అయిదేళ్ళ ఆడది చేయగలిగింది నువ్వు చేయలేకపోయావని నలుగురిలో అనాలి. ఆ మాటను అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూశాను కూడా.

మట్టం ఎలా చూడాలో నువ్వు అంతకుముందు ఉత్తరంలో రాసి పంపినట్టే చేశాం. మీ తాతకు సెలైన్ ఎక్కించిన గొట్టం కడిగి దాచి ఉంచాను. దాన్నిండా నీళ్ళు పోసి రెండు కొసలూ గోడలకు పట్టి మట్టం గుర్తులు పెట్టాం. మీ తాత ఒక కొస, నేనొక కొస.

"నీ కొస కదుపుతున్నావు," అన్నాను.

"నాను కదపట్లేదే. నా సెయ్యి వణుకుతాంది. డెబ్బై ఏళ్ళ సెయ్యి వణక్కపోతే ఏటి సేస్తాది?"

మట్టం దాకా బాగానే చేశాడు. పాత గచ్చు పగలగొడదామనేసరికి మొదలుపెట్టాడు.

"పైన ఇంకో పొర పోసేత్తే సరిపోతాది గదే పంతులమ్మా! పాతదాన్ని ఇప్పడమెందుకు, నడుం ఇరగ్గొట్టుకోడమెందుకు?"

"కుళ్ళిన పుండు మీద కొత్త గుడ్డ కడతారా?"

"పోనీ, పడమర పక్క ఇప్పు. తూరుపు పక్క ఒగ్గేయ్."

"తూర్పునే కదా తూము పెట్టాల్సింది!"

దాంతో మోకాలు పట్టేసిందని చెప్పి అరుగు మీద కూర్చున్నాడు. నేనే ఉలి, సుత్తి తీసుకుని తూర్పు గోడ పక్క మొదలుపెట్టాను. ప్రతి దెబ్బా అప్పన్న వీపు మీద వేస్తున్నాననుకుని వేశాను. అబద్ధమెందుకు, ఎంతో హాయిగా ఉండింది.

రెండో రోజు, ఏప్రిల్ 9న, గచ్చు కింద నా ఉలికి మట్టిగొట్టం తగిలింది. చుట్టూ తవ్వి చూశాను. చక్కగా సున్నం పట్టించి, గోడలోంచి బయటికి, తూర్పు పల్లానికి వేసిన తూము. సెలైన్ గొట్టం పెట్టి చూస్తే వాటంలో వేలెడు తేడా కూడా లేదు. నేను సుద్దతో గుర్తు పెట్టిన చోటే ఉంది. దాని మూతికి రాయి పెట్టి సిమెంటుతో మూసేశారు. ఆ రాయి పక్కన ఒక ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. లోపల మూడు గవ్వలు, నల్లబడిన పసుపు కొమ్ము.

ఆ గిన్నె నాది. నా సామాన్ల పుస్తకంలో 1994 జూన్ పేజీలో ఉంది: ఇత్తడి గిన్నె, చిన్నది, ఒకటి, కనబడలేదు, అప్పన్న పని చేసిన వారంలో. వాడు దొంగ అని అందరికీ వినపడేలా ఎన్నడూ అనలేదు కాని, అలా రాసుకున్నాను.

దోషం తగలకుండా గవ్వలు, పసుపు పెట్టి గిన్నె బోర్లించడం మీ తాత వాళ్ళ ఇంటి పద్ధతి. మా ఇంట లేదు, అప్పన్న ఇంట లేదు. గిన్నె తీసుకెళ్ళి మీ తాత ఒళ్ళో పెట్టాను.

"ఊరిని కాసే నిశాని దేవత రాయి ఆ తూరుపు పల్లంలోనే ఉంది గదే," అన్నాడు. "మన మైల నీళ్ళు ఎల్లి ఆ తల్లి మీద పడతాయని బయమేసినాది. నువ్వు బడికెల్నాక అప్పన్న కాళ్ళట్టుకున్నాను, తూము మూసీరా, ఇటేపు పెట్టరా అని. ఆడొద్దన్నాడు. ఇటేపు నేల ఎత్తు, నీళ్ళు దిగవు బావా, పంతులమ్మ నన్ను సంపేత్తాది అన్నాడు. నానే ఇనలేదు. నీకు సెప్పకూడదని రాయి మీద సెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకు సెప్తే ఏటి సేసేదానివి? బడిలో గుంటల ముందు సెప్పి నవ్వేదానివి కాదేటి?"

నవ్వేదాన్నే. రాయికి భయపడటం అజ్ఞానమని అయిదో తరగతికి ఏటా పాఠం చెప్పేదాన్ని. మొగుడి పేరు చెప్పకుండా మొగుడి సంగతే చెప్పి నవ్వించేదాన్ని.

"గోలీ దొర్లించిన రోజున ఆడు నా మొకమే సూసినాడే పంతులమ్మా," అన్నాడు మీ తాత. "నాను నేల సూసినాను."

స్వర్ణా, చేతిలో సుత్తి ఉంది. ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళు నూరి నూరి పదును పెట్టుకున్న కత్తి, గొంతు మీద పెట్టే వేళకు మనిషి మారిపోయాడు. తూము గొట్టానికి ఒక వంపు ముక్క తగిలించి గోడ వెంబడి దక్షిణానికి తిప్పితే రాయికి మైలా లేదు, నా చేతికి కట్టూ లేదు. ఒక్క వంపు ముక్కతో పోయేది. మీ తాతతో అదే చెప్పాను. అరటి చెట్ల దాకా కాలువ తవ్వు, ముప్పై నాలుగు అడుగులు, ఒక్క అడుగు తగ్గినా ఊరుకోను అన్నాను. మోకాలు నొప్పి మాట ఎత్తకుండా నాలుగు రోజులు తవ్వాడు. టేపు పెట్టి కొలిచాను. ముప్పై నాలుగే. నడుం నొప్పి అందుకు.

ఇక నేను దాచింది రాస్తున్నాను. ఇది మీ తాతకు కూడా తెలియదు.

గోలీ పాటతో నా కసి తీరలేదు. 1996లో ఆడపిల్లల హాస్టలు కట్టేటప్పుడు అప్పన్నను తాపీ పనికి తీసుకున్నారు. మూడేళ్ళ పని. ఆ సంగతి విని హాస్టలు కట్టించే ఆఫీసుకు ఒక అర్జీ రాశాను. ఈ మేస్త్రీకి వాటం తెలియదు, ఒక స్త్రీ చేయి విరగ్గొట్టాడు, ఇతను కడితే పిల్లలు జారిపడతారు అని. దస్తూరి ఎవరూ పోల్చుకోకూడదని ఎడమచేత్తో రాశాను. సంతకం పెట్టలేదు. ఊరూ పేరూ లేని ఉత్తరం రాసేవాడు పిరికిపంద అని పిల్లలకు నేర్పినదాన్ని నేను. వారం తిరక్కుండా వాణ్ణి పనిలోంచి తీసేశారు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. అప్పటినుంచి అప్పన్నా, వాడి భార్య చిన్నమ్మలూ ఏడాదికి ఆరు నెలలు కింద మైదానంలో ఇటుకల బట్టీకి పోయి మట్టి తొక్కుతున్నారు. వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని రైలుకు పోతుంటే ఏడు సార్లు కిటికీలోంచి చూశాను. ఏడుసార్లూ బాగా అయింది అనుకున్నాను.

నీ నాలుగో ప్రశ్న: పండుగ రోజున అప్పన్న మేస్త్రీని ఏం చేయబోతున్నావు అమ్మమ్మా, అని.

మొన్న ఆదివారం సాయంత్రం మగవాళ్ళు కొండ దిగారు. ఆడవాళ్ళం దారికి అడ్డంగా వెదురు కట్టి నిలబడ్డాం. చిన్నమ్మలు ముందు రెండు కుండలు, నా ముందు ఒకటి. పండుగకని బట్టీ నుంచి వచ్చిన అప్పన్న అందరికన్నా వెనక వస్తున్నాడు, ఉత్త చేతులతో.

"ఏటి మాఁవా, కొండ మీద ఏటీ దొరకలేదేటి? గోలీ అయినా దొరకలేదేటి?" అని ఒక పడుచుపిల్ల అరిచింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. నా వెనక బెంచీ నవ్వు.

నేను నా కుండ ఎత్తి వెదురు దాటి అవతలికి, మగవాళ్ళ వైపుకు పోయి నిలబడ్డాను. జరిగింది చెప్పాను. తూము ఎవరు మూయించారో, వాడు ఎవరి కోసం నోరు మూసుకున్నాడో, పాట ఎవరు కట్టారో, అర్జీ ఎవరు రాశారో, ఏ చేత్తో రాశారో. మీ తాత అక్కడే ఉన్నాడు. అర్జీ మాట విని తల ఎత్తి నన్ను చూశాడు. ఆనాడు తను చూసినట్టు నేను నేల చూడలేదు.

"తొమ్మిదేళ్ళు ఈ మనిషిని వేటాడాను," అన్నాను. "ఉత్త చేతులతో వచ్చాను. ఆచారం ప్రకారం నాకు పోయండి."

అప్పన్న, "ఊరుకో పంతులమ్మా, పెద్దదానివి," అన్నాడు. చిన్నమ్మలు ఊరుకోలేదు. కుండ ఎత్తుకుని వెదురు కిందనుంచి వంగి వచ్చింది. నవ్వలేదు. చల్లడం కాదు, నా నెత్తిన నిలువునా పోసింది.

"ఇది గోలీకి," అంది. "ఆ కాయితానికి ఇంకో కుండ ఉంది. ఇయ్యాల పొయ్యను. ఎప్పుడు పోత్తానో సెప్పను. సూత్తా ఉండు."

తగిన మాట. ఆమె చోట నేనుంటే నేనూ అంతే చేసేదాన్ని.

ఇంటికి వచ్చి కొత్త గదిలో ఎనిమిది చెంబులు పోసుకున్నాను. పేడనీళ్ళన్నీ తూర్పు తూములోకి దిగిపోయాయి. నువ్వు చెప్పిన వాటం సరిగ్గా కుదిరింది. నిన్న ఆ ఆఫీసుకు ఇంకో అర్జీ రాశాను. ఎడమచేత్తో రాసింది కూడా నేనేనని ఒప్పుకుని, కుడిచేత్తో రాసి, కింద పూర్తి పేరు పెట్టాను. అక్షరాలు ఒరిగే ఉన్నాయి. చదువుకోవచ్చు.

సెలవులకు వచ్చినప్పుడు ముందు అప్పన్న ఇంటికి వెళ్ళు. ఆ పాట నువ్వు కూడా పాడావు. ఏం చెప్పాలో నేను నేర్పను, ఒకసారి నేర్పింది చాలు.

చిన్నమ్మలు రెండో కుండ వాళ్ళ అరుగు మీదే ఉంది, మూత పెట్టి. పోస్టాఫీసుకు పోవడానికి వెనకదారి ఒకటుంది. ఈ ఉత్తరం మాత్రం ఆ అరుగు ముందునుంచే తీసుకెళ్ళి వేస్తాను.

ఇట్లు,
ఉత్త చేతులతో వచ్చిన
నీ అమ్మమ్మ
రత్నాలు